ఆవకాయకు బోర్డింగ్ పాస్ లేదు!

పెట్టె సర్దడం మనవాళ్లకు కొత్త కాదు. ఏది పెట్టెలోకి, ఏది చేతిసంచిలోకి అన్నదగ్గరే వస్తోంది చిక్కంతా. ఆ లెక్క ఇంటి దగ్గర తేలకపోతే ఎయిర్‌పోర్టులో తేలుతుంది... చెత్తబుట్ట పక్కన!

శంషాబాద్ విమానాశ్రయం. అర్ధరాత్రి దాటింది. తెల్లవారుజామున గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్లే విమానాల కోసం చెకిన్ కౌంటర్ల ముందు బారులు తీరి ఉన్నారు జనం. ఓ కౌంటరు పక్కన నేలమీద పెద్ద సూట్‌కేసు నోరు తెరుచుకుని ఉంది. దాని ముందు గొంతుక్కూర్చున్న పెద్దాయన చెమట తుడుచుకుంటున్నారు. కాటా మీద ఇరవై అయిదు కిలోలు చూపించింది. రెండు కిలోలు ఎక్కువ. తీయాలి, లేదంటే డబ్బు కట్టాలి.

''ఏవండీ, ఆ ఆవకాయ డబ్బా ఇటివ్వండి. నా చేతిసంచిలో పెట్టుకుంటా.''

''మోయగలవా?''

''మోస్తాలెండి. పిల్ల నోరు చప్పబడిపోయిందని ఎన్నిసార్లు చెప్పింది!''

డబ్బా చేతిసంచిలోకి మారింది. దానికి చోటు కావాలి కదా... అప్పటిదాకా అందులో ఉన్న మందుల సంచీ పెట్టెలోకి వెళ్లింది. బరువు సరిపోయింది. కౌంటర్లో అమ్మాయి నవ్వింది, బోర్డింగ్ పాసులు చేతికొచ్చాయి. హమ్మయ్య అనుకున్నారు ఇద్దరూ.

ఆ హమ్మయ్య ఓ అరగంట. భద్రతా తనిఖీ దగ్గర ఆవిడ సంచి ఎక్స్‌రే యంత్రంలోకి వెళ్లి, బయటికి రావలసిన దారిన కాకుండా పక్క దారిన వచ్చింది. సీఐఎస్ఎఫ్ జవాను సంచి తెరిచి డబ్బా పైకి తీశాడు. ''మాతాజీ, యే నహీ జాయేగా.'' ఆవిడకు హిందీ రాదు. కానీ ఆ మాట అర్థం కావడానికి హిందీ రావలసిన పనిలేదు.

వేసవి వచ్చిందంటే శంషాబాద్‌లో ఇలాంటి సన్నివేశాలకు కొదవుండదు. కొత్తావకాయ కలిపే రోజులు, అమెరికాలో పిల్లల పురుళ్లు, గ్రాడ్యుయేషన్లు, గృహప్రవేశాలు అన్నీ ఒక్కసారే వస్తాయి మరి. ఆ డబ్బా అక్కడ పోవడం బాధే. కానీ ఈ కథలో అసలు ప్రమాదం ఆ డబ్బాది కాదు. ఇంకా ఎవరూ గుర్తించని ఆ మందుల సంచీది. దాని సంగతి తర్వాత!

క్రికెట్ బంతి చేసిన పని

'పచ్చడి డబ్బాతో విమానం పేల్చేస్తామా ఏమిటి?' అని గొణుక్కోని పెద్దవాళ్లు ఉండరు. నిజమే. కానీ విమానాశ్రయాల్లో పెట్టే ప్రతి ఆంక్ష వెనకా ఒక నిజమైన సంఘటన ఉంది. నిబంధనలు ఎవరో ఖాళీగా కూర్చుని రాసినవి కావు. ఏదో జరిగింది, ఓ గీత గీశారు. ఇంకోటి జరిగింది, మరో గీత.

మనదేశాన్నే తీసుకోండి. 1971 జనవరి 30న శ్రీనగర్ నుంచి జమ్ము వెళ్తున్న 'గంగ' అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని ఇద్దరు కుర్రాళ్లు లాహోరుకు మళ్లించారు. వాళ్ల చేతుల్లో ఉన్నది బొమ్మ తుపాకి! 1978 డిసెంబరు 20న లక్నో నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానాన్ని మరో ఇద్దరు హైజాక్ చేసి వారణాసిలో దింపారు. ఇందిరాగాంధీని జైలునుంచి విడుదల చేయాలన్నది వాళ్ల డిమాండ్. ఆయుధాలేమిటయ్యా అంటే... ఒక బొమ్మ పిస్తోలు, గుడ్డలో చుట్టి గ్రెనేడ్‌లా చూపించిన క్రికెట్ బంతి. (ఆ ఇద్దరూ 1980లో ఉత్తరప్రదేశ్ శాసనసభకు ఎన్నికవడం ఇంకో విచిత్రం.) మనవడి ప్లాస్టిక్ తుపాకిని తనిఖీ దగ్గర పక్కన పెట్టేస్తే 'పిల్లాడి ఆటవస్తువండీ' అని వాదించేవాళ్లు ఈ రెండు ఉదంతాలూ ఓసారి గుర్తు చేసుకోవాలి.

1985 జూన్ 23న ఎయిరిండియా 'కనిష్క' విమానం అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. ప్రయాణికుడు ఎక్కకుండా అతని పెట్టె మాత్రం ఎక్కింది, అందులో బాంబు ఉంది. ఆ ఘోరం తర్వాతే 1987లో పౌర విమానయాన భద్రతా విభాగం... అదే, బీసీఏఎస్... స్వతంత్ర శాఖ అయింది. ఇప్పటికీ మన విమానాల్లోకి ఏది వెళ్లాలో ఏది వెళ్లకూడదో చెప్పేది ఆ శాఖే. 1999 డిసెంబరులో ఖాట్మండు నుంచి వస్తున్న విమానాన్ని కాందహార్‌కు తీసుకెళ్లిన ఉదంతం తర్వాత విమానాశ్రయాల కాపలా రాష్ట్రాల పోలీసుల నుంచి సీఐఎస్ఎఫ్‌కు మారడం మొదలైంది. 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో శ్రీకారం చుట్టారు.

అమెరికా సంగతి చెప్పేదేముంది! 2001 సెప్టెంబరు 11కు ముందు అక్కడ నాలుగంగుళాల లోపు చాకును జేబులో పెట్టుకుని విమానం ఎక్కొచ్చు. ఆ రోజుతో ఆ ముచ్చట తీరిపోయింది. అదే ఏడాది డిసెంబరు 22న పారిస్ నుంచి మయామీ వెళ్లే విమానంలో ఒకడు బూటులో దాచిన పేలుడు పదార్థానికి అగ్గిపుల్ల అంటించబోయాడు. పక్కవాళ్లు పట్టేసుకున్నారు. తర్వాత్తర్వాత అమెరికా విమానాశ్రయాల్లో కోట్లమంది బూట్లు విప్పి సాక్సులతో నిలబడ్డారంటే ఆ ఒక్కడి పుణ్యమే. 2025 జులైలో గానీ అమెరికా ఆ నిబంధనను ఎత్తేయలేదు.

ఇక ఆవకాయ మెడకు చుట్టుకున్న ఉదంతం 2006 ఆగస్టుది. లండన్ నుంచి అమెరికా, కెనడా వెళ్లే విమానాలను గాలిలోనే పేల్చేయాలని పన్నిన కుట్రను బ్రిటన్ పోలీసులు ముందే పసిగట్టారు. శీతల పానీయాల సీసాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చేసిన ద్రవం పోసి, సీల్ తీయనట్టే కనిపించేలా చేతిసంచుల్లో తీసుకెళ్లాలన్నది పథకం. ఆగస్టు 10 ఉదయం బ్రిటన్‌లో విమానం ఎక్కబోయినవాళ్లను చేతిసంచే వద్దన్నారు. పాస్‌పోర్టు, పర్సు, కళ్లజోడు పారదర్శకమైన కవర్లో పెట్టుకుని వెళ్లాల్సి వచ్చింది. చంటిపిల్లల పాలసీసాల్లోని పాలు తల్లిదండ్రులే అక్కడ తాగి చూపించాలన్నారు. ఆ ఏడాది చివరికల్లా అమెరికా, ఐరోపా దేశాలు ఇప్పుడు మనకు తెలిసిన లెక్కకు వచ్చాయి. ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదు. అలాంటివన్నీ కలిపి లీటరు పట్టే ఒక్క జిప్‌లాక్ కవర్లో ఇమడాలి. మనిషికి ఒకటే కవరు. 2007 మార్చి నాటికల్లా అన్ని దేశాలూ ఈ పద్ధతి పాటించాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కోరింది.

యంత్రం కంటికి అన్నీ నారింజే

తనిఖీ దగ్గర కూర్చున్న ఉద్యోగి తెరమీద సంచి ఎలా కనబడుతుందో తెలిస్తే సగం కోపం తగ్గిపోతుంది. మామూలు ఎక్స్‌రే యంత్రం వస్తువుల్ని రంగులుగా చూపిస్తుంది. ఇనుము, ఇత్తడిలాంటి లోహాలు నీలంగా కనిపిస్తాయి. తిండి, బట్టలు, కాగితం, ప్లాస్టిక్... అన్నీ నారింజ రంగే. చిక్కేమిటంటే పేలుడు పదార్థాలు చాలావరకు అదే నారింజ. సీసాలో ఉన్నది మంచినీళ్లా, పెరాక్సైడా అన్నది పాత యంత్రం చెప్పలేదు. అందుకే 'ఏమిటో తేల్చలేనప్పుడు ఎంతో తేల్చుదాం' అన్నారు. 100 మిల్లీలీటర్ల లెక్క వెనక సంగతి అదీ.

ఇప్పుడు మన ఆవకాయ డబ్బాను ఆ తెరమీద ఊహించుకోండి. స్టీలు డబ్బా, దాని చుట్టూ అల్యూమినియం రేకు, దానిమీద మూడు ప్లాస్టిక్ కవర్లు, ఆపైన ఓ పాత తువ్వాలు, దానిచుట్టూ తాడు. నూనె కారకూడదని అమ్మ పడ్డ జాగ్రత్త అది. తెరమీద మాత్రం లోపలేముందో తెలియని నల్లటి ముద్ద! ఎవరైనా సంచి విప్పించక ఏం చేస్తారు?

కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు ఆస్పత్రిలో తలకు తీసే స్కాన్‌లా సంచిని అన్ని వైపుల నుంచీ చూపిస్తాయి, ద్రవం ఎలాంటిదో కూడా పట్టగలవు. వాటిని నమ్ముకుని బ్రిటన్‌లో ఎడిన్‌బరో, బర్మింగ్‌హామ్ విమానాశ్రయాలు 2025 జులైలో రెండు లీటర్ల సీసాల దాకా అనుమతించాయి. అలాగని సంబరపడటానికి లేదు. 2024 సెప్టెంబరులో ఐరోపా సమాజం, అలాంటి కొన్ని యంత్రాలు పెట్టిన చోట సడలించిన నిబంధనను వెనక్కి తీసుకుని మళ్లీ 100 మిల్లీలీటర్లకే వచ్చింది. పైగా మనవాళ్లది ఒక్క విమానాశ్రయంతో పోయే ప్రయాణం కాదు. హైదరాబాదు నుంచి బయల్దేరి దుబాయ్‌లోనో, దోహాలోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దిగి మరో విమానం ఎక్కాలి. అక్కడ చేతిసంచిని మళ్లీ తనిఖీ చేస్తారు. దారిలో అందరికంటే కఠినమైన చోటు ఏదో, మన సంచికి ఆ చోటి రూలే రూలు.

పోస్తే పారేదీ, రాస్తే అంటేదీ

'ద్రవం' అన్న మాట దగ్గరే మన వంటిల్లు పప్పులో కాలేస్తుంది. ద్రవమంటే మనకు నీళ్లు, నూనె, మజ్జిగ. తనిఖీవాళ్ల లెక్క వేరు. పోస్తే పారేది, రాస్తే అంటేది, నొక్కితే ఊడిపడేది, ఏ గిన్నెలో వేస్తే ఆ గిన్నె ఆకారం తెచ్చుకునేది... అన్నీ ద్రవాలే. ఈ లెక్కన ఆవకాయ, మాగాయ, గోంగూర, అల్లం పచ్చడి ద్రవాలు. నెయ్యి పేరుకుని గడ్డకట్టినా ద్రవమే. పెరుగు, తేనె, పాకంలో మునిగిన గులాబ్‌జామ్ అంతే. తలనూనె, టూత్‌పేస్టు, షాంపూ, ఫేస్‌క్రీము సరేసరి.

ఇంకో మెలిక ఉంది. చూసేది లోపలున్న సరుకు కాదు, సీసా పరిమాణం. రెండొందల మిల్లీలీటర్ల కొబ్బరినూనె సీసాలో అడుగున నాలుగు చుక్కలే ఉన్నా కుదరదంటారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ప్రపంచానికి ఇచ్చిన అమృతాంజనం చిన్న సీసాకు మాత్రం ఏ ఢోకా లేదు. జిప్‌లాక్ కవర్లో పడేసి నిశ్చింతగా వెళ్లొచ్చు.

మరి చేతిసంచిలో ఏం తినుబండారాలు పెట్టుకోవచ్చు? చాలా ఉన్నాయి. అరిసెలు, సున్నుండలు, కజ్జికాయలు, జంతికలు, చేగోడీలు, పూతరేకులు... గట్టిగా ఉన్నవేవీ ఈ ద్రవాల లెక్కలోకి రావు. దారిలో తినడానికి పులిహోర పొట్లం ఇబ్బంది పెట్టదు. పెరుగన్నం మాత్రం తనిఖీ చేసేవారి దయ. గట్టిగా కలిపితే ఒకరు వదిలేస్తారు, జారుగా ఉంటే ఇంకొకరు ఆపేస్తారు. అందుకే కాటా దగ్గర బరువెక్కువైతే పెట్టెలోంచి పైకి తీయాల్సింది ఆవకాయ కాదు, అరిసెల డబ్బా! లేదంటే రెండు చీరలు, నాలుగు పుస్తకాలు. చేతిసంచికీ బరువు హద్దుంటుందని మరవకూడదు. ఎకానమీలో చాలా సంస్థలు ఏడు కిలోల దగ్గరే ఆపేస్తాయి.

పొడులదీ ఓ కథ. కందిపొడి, కారప్పొడి, కరివేపాకు పొడి, సున్నిపిండి... పొడి పొడే కదా, ద్రవం కాదు కదా అని నిన్నమొన్నటిదాకా ధీమాగా చేతిసంచిలో వేసుకెళ్లేవారు. 2017లో ఆస్ట్రేలియాలో బయటపడ్డ ఓ విమాన విధ్వంస కుట్ర తర్వాత వాటిమీదా కన్ను పడింది. 2018 జూన్ 30 నుంచి అమెరికాకు వచ్చే విమానాల్లో 350 మిల్లీలీటర్లకు మించిన పొడిని చేతిసంచిలో తెస్తే విడిగా పరీక్ష చేస్తారు. అదేమిటో తేలకపోతే అక్కడే వదిలేయాలి. కొలత చెప్పాలంటే ఓ మామూలు కూల్‌డ్రింకు టిన్నులో పట్టేంత. కిలో కారప్పొడి ఆ టిన్నులో పట్టదుగా! పసిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది. చితాభస్మానికి కూడా.

పెట్టెలోకీ రానివి కొన్నున్నాయి. అది తెలియకే ఎక్కువమంది ఇరుక్కుంటారు. ఎండుకొబ్బరి... తెలంగాణలో కుడుకలంటారే, అవి... ప్రమాదకర సరుకుల అంతర్జాతీయ జాబితాలో ఉంది. నమ్మబుద్ధి కాదు గానీ, నూనె శాతం ఎక్కువ కావడంతో తనంతట తానే వేడెక్కి అంటుకునే వస్తువుల వరసలో దాన్ని చేర్చారు. అందుకే చెకిన్ పెట్టెల్లోంచి కూడా దాన్ని తీయించేస్తుంటారు. పూజకని పెట్టుకున్న కర్పూరం మండే ఘనపదార్థం. అగ్గిపెట్టె, లైటరు మన దగ్గర రెంటికీ వద్దు. అగరొత్తుల పేచీ లేదు. కత్తిపీట, కొబ్బరికోరు, అట్లకాడ, పప్పుగుత్తి కూతురి కాపురానికి అవసరమే కానీ వాటి చోటు పెట్టెలోనే. ప్రెషర్ కుక్కరూ అంతే. 2013లో బోస్టన్ మారథాన్ పేలుళ్లకు వాడింది వాటినే. అప్పటినుంచి అమెరికాలో కుక్కరు కనిపిస్తే రెండోసారి చూడకుండా వదలరు.

ఇక్కడ చిన్న పిట్టకథ. భద్రతా తనిఖీ వేరు, కస్టమ్స్ వేరు. 'పెట్టెలో పెడితే పంపించేశారు కదా' అని పచ్చి కరివేపాకు కట్టలు తీసుకెళ్లేవారున్నారు. మన దగ్గర ఎవరూ ఆపకపోవచ్చు. అమెరికాలో దిగాక ఆపుతారు. నిమ్మజాతి తోటల్ని నాశనం చేసే పురుగు ఆ ఆకుమీద బతుకుతుందని వాళ్ల భయం. 'ఏం తెచ్చారు' అని అడిగే ఫారంలో తిండి ఉందని నిజం రాస్తే మహా అయితే ఆ వస్తువు తీసి పారేస్తారు. దాచి దొరికితే జరిమానా.

ఇరుముడి దించేదెలా?

నియమాలు అన్నిటికీ ఒకేలా వర్తిస్తే భక్తికి చిక్కొచ్చిపడింది ఒకసారి. శబరిమల వెళ్లే స్వాముల ఇరుముడిలో ముఖ్యమైనది నెయ్యి నింపిన కొబ్బరికాయ. కొబ్బరికాయ కేబిన్‌లోకి నిషిద్ధం. చెకిన్ చేయమంటే దీక్షలో ఉన్న స్వామి నెత్తిన పెట్టుకోవలసిన ఇరుముడిని కన్వేయర్ బెల్టు మీద పడేయాలి. హైదరాబాద్, విశాఖల నుంచి కొచ్చి దాకా విమానంలో వెళ్లే స్వాములు ఏటా పెరుగుతున్నా చాలాకాలం ఆ ఇబ్బంది అలాగే ఉండిపోయింది.

2024 అక్టోబరులో కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడు దానికో దారి చూపించారు. ఇరుముడిలో కొబ్బరికాయను కేబిన్‌లోకి తీసుకెళ్లొచ్చని ప్రకటించారు. ఎక్స్‌రేలో చూస్తారు, పేలుడు పదార్థాల జాడలు పట్టే పరీక్ష చేస్తారు, చేత్తో తడిమి చూస్తారు. అయినా సరే, చేతిలోంచి వదలక్కర్లేదు. ఆ సడలింపు ఇచ్చింది 2025 జనవరి 20 దాకా, అంటే మకరవిళక్కు ముగిసేదాకా. కాబట్టి ఏ ఏడాది వెళ్లేవాళ్లు ఆ ఏడాది ఉత్తర్వు ఏమిటో విమాన సంస్థను అడిగి తెలుసుకుని ఇరుముడి కట్టుకోవడం మంచిది.

తలకిందుల సర్దుడు

ఇక మొదట్లో వదిలేసిన మందుల సంచీ దగ్గరికి వద్దాం. ఆవకాయ పోయిన ఆవిడ కళ్లు తుడుచుకుని విమానం ఎక్కింది. మందులు మాత్రం పెట్టెలో, విమానం పొట్టలో ఉన్నాయి. ఆ పెట్టె గల్ఫ్‌లో విమానం మారేటప్పుడు మారకపోతే? బ్యాగులు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా చేరడం విమానయానంలో అపురూపమేమీ కాదు. రోజూ పొద్దున్నే బీపీ మాత్ర, అన్నానికి ముందు ఇన్సులిన్ తీసుకునే మనిషి పరాయి దేశంలో దిగితే పరిస్థితేమిటి? మన వీధి చివర మందుల షాపులో అడిగినట్టు అక్కడ అడిగితే ఇవ్వరు. అక్కడి డాక్టరు చీటీ రాయాలి. డాక్టర్ని చూడాలంటే అపాయింట్‌మెంటు, ఇన్సూరెన్సు... పురుటికి సాయంగా వచ్చిన తల్లిని పట్టుకుని నిండుచూలాలైన కూతురు ఎమర్జెన్సీకి పరుగెత్తాలి.

మనవాళ్లు చేసే అసలు పొరపాటు ఇదే. పోయినా మళ్లీ చేసుకోగల పచ్చడిని ఒళ్లో పెట్టుకుంటారు. పోతే ప్రాణం మీదికొచ్చే మందుల్ని పెట్టెలో వేస్తారు. బస్సుల్లో, రైళ్లలో తిరిగిన అలవాటు అది. విలువైన తిండి దగ్గరుండాలి, మిగతాది పైన బెర్తు మీద. విమానానికి ఆ సర్దుడు తలకిందులు.

మందుల విషయంలో నిబంధనలు అనుకున్నంత కఠినం కాదన్నది చాలామందికి తెలియదు. 100 మిల్లీలీటర్ల హద్దు మందులకు వర్తించదు. దగ్గు సిరప్పు పెద్ద సీసా అయినా, ఇన్సులిన్ పెన్నులూ సూదులూ అయినా, అవి చల్లగా ఉండటానికి వాడే జెల్ ప్యాకులైనా చేతిసంచిలో వెళ్తాయి. చేయవలసిందల్లా వాటిని విడిగా పైకి తీసి 'మందులు' అని చెప్పడం, డాక్టరు చీటీ చూపించడం. ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు కనుక, దాన్ని చెకిన్ చేయొద్దనే చెబుతారు వైద్యులు. చంటిపిల్లల పాలు, తల్లిపాలు, పిల్లల తిండికి కూడా ఇదే మినహాయింపు. 2006 నాటిలా తాగి చూపించమనే రోజులు పోయాయి. పరీక్ష చేసి పంపిస్తారు.

ఇంగ్లిషు రాని పెద్దవాళ్ల కోసం పిల్లలు ఫోన్లో చెప్పే జాగ్రత్తల్లో కొన్ని మరీ పనికొస్తాయి. మాత్రలన్నీ విప్పి ఒకే డబ్బాలో కలిపి పోసుకోవద్దు. కొన్ని తెల్లవి, కొన్ని పసుపువి... ఏది ఏమిటో అడిగితే చెప్పేవారెవరు? రేకులతోనే ఉంచాలి. ఆ మందు అసలు పేరు, మోతాదు ఇంగ్లిషులో డాక్టరు చేత రాయించుకుని సంతకం పెట్టించుకోవాలి. మోకాలి చిప్పల ఆపరేషన్ అయినవాళ్లు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ ఆస్పత్రి ఇచ్చిన కార్డు దగ్గరుంచుకోవాలి. మెటల్ డిటెక్టరు కూయక ముందే మోకాలు చూపించి చెబితే, కూశాక కంగారుపడే పని తప్పుతుంది. మంగళసూత్రాలు, గాజులు తీయాలేమోనని భయపడేవారుంటారు. మన దగ్గర ఆడవాళ్లను తెర వెనక మహిళా జవానే తనిఖీ చేస్తుంది. భాష రాదని వీల్‌ఛెయిర్ కోరే అమ్మానాన్నలు బోలెడుమంది. ఆ సాయం చేసే మనిషి దారి చూపిస్తాడు, వరసల్లో నిలబడే బాధ తప్పిస్తాడు. సంచిలో ఉన్నదానికి మాత్రం అతనేం చేయలేడు.

చేతిసంచిలోనే ఉండి తీరవలసినది మరొకటుంది. పవర్‌బ్యాంకు. పెట్టెలో వేయనే కూడదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే కేబిన్‌లో అయితే నీళ్లు పోసి ఆర్పగలరు, అడుగున సామాన్ల మధ్య అయితే ఎవరూ చూడరు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో నేలమీద ఉన్న విమానం మంటల్లో చిక్కుకుంది. అందరూ బయటపడ్డారు. పై అరలో పెట్టిన పవర్‌బ్యాంకే కారణమై ఉండొచ్చని దర్యాప్తులో తేలింది. 100 వాట్ అవర్లు దాటకూడదన్నది మామూలు హద్దు. పదివేల ఎంఏహెచ్‌ది దాదాపు 37, ఇరవైవేలది 74 అవుతుంది. కాబట్టి ఇళ్లలో వాడేవి ఇంచుమించు అన్నీ లోపలే ఉంటాయి. అంకె చెరిగిపోయిన పాత పవర్‌బ్యాంకుతోనే తంటా.

బేగంపేట నాటి వీడ్కోలు

బేగంపేటలో విమానాశ్రయం ఉన్న రోజుల్లో ఒకరు అమెరికా వెళ్తుంటే రెండు సుమోల నిండా బంధువులొచ్చేవారు. దండలు, ఫొటోలు, కన్నీళ్లు. 2008 మార్చిలో శంషాబాద్‌కు మారాక దూరం పెరిగి జనం తగ్గారు గానీ, వచ్చినవాళ్లు తొందరపడి వెళ్లిపోవడం ఎక్కువైంది. గేటు దగ్గర దించి, చెయ్యి ఊపి, కారెక్కేస్తారు. చెకిన్ కౌంటర్ దగ్గర మిగిలిపోయిన వస్తువును అందుకోవడానికి బయట ఎవరూ ఉండరు. ఇమిగ్రేషన్ ముద్ర పడ్డాకయితే వెనక్కి రావడం అంత సులువు కాదు. బరువు కొలిపించుకునేదాకా ఒక్కరైనా బయట ఉంటే ఆ డబ్బా కనీసం ఇంటికి తిరిగి వెళ్తుంది.

ఇంకా తేలిక దారి, ముందురోజు ఇంట్లోనే తూచడం. పెట్టె కొక్కేనికి తగిలించి పైకెత్తితే బరువు చూపించే చిన్న కాటాలు చవగ్గానే దొరుకుతున్నాయి. ఆవకాయ పెట్టెలో పోవాలి కాబట్టి దాని బరువు ముందే లెక్కలో ఉండాలి. స్టీలు డబ్బా మానేస్తే ఆ డబ్బా బరువంత పచ్చడి ఇంకా పడుతుంది. హైదరాబాద్, విజయవాడల్లో పచ్చళ్ల దుకాణాలవాళ్లు 'ఫారిన్ ప్యాకింగ్' అని గాలి తీసేసి సీలు వేసిస్తారు. నూనె కారదు, రేకులూ తాళ్లూ అక్కర్లేదు. కొందరు ఇంట్లో పెట్టిన పచ్చడి తెచ్చిచ్చినా చేసిపెడుతున్నారు. మంచినీళ్ల సీసా ఖాళీగా తీసుకెళ్తే ఎవరూ వద్దనరు. తనిఖీ దాటాక లోపల నింపుకోవచ్చు. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాల్ని వాళ్లు సీలు వేసిచ్చిన కవర్లోనే, బిల్లు కనబడేలా, చివరి విమానం దిగేదాకా విప్పకుండా ఉంచాలి. మధ్యలో విప్పారో, తర్వాతి తనిఖీలో అది కూడా మామూలు సీసాయే.

తిరుగు ప్రయాణంలో ఈ పాఠాలన్నీ ఇంకోసారి. ఆరు నెలల మనవణ్ని వదిలి వచ్చేటప్పుడు అమ్మమ్మ చేతిసంచిలో పచ్చళ్లుండవు. అల్లుడు కొనిపెట్టిన సెంటు సీసా, పక్కింటివాళ్ల కోసం పెద్ద బాడీ లోషన్లు, పీనట్ బటర్ డబ్బా ఉంటాయి. పీనట్ బటర్ కూడా రాస్తే అంటేదే. అక్కడి తనిఖీలో దాన్ని పక్కన పెడుతూ అధికారి ఇంగ్లిషులో ఏదో చెబుతాడు. ఈసారి ఆవిడ కంగారుపడదు. మందుల సంచీ భుజానే ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకుని, ట్రేలోంచి చెప్పులు తీసుకుంటుంది.